పెట్టే చేతులు సరే, తీసే చేతులేవి?

బల్ల మీద పడుకుని ఉన్నాను. పైన ఫ్యాన్ తిరుగుతోంది. డాక్టరమ్మ గ్లవ్స్ తొడుక్కుంటూ అడిగింది.

"ఎందుకమ్మా తీయించుకోవడం? పొజిషన్ బాగానే ఉందిగా?"

"నాకు పడటం లేదండీ. తొమ్మిది నెలల్నించీ రోజూ మరకే. తలనొప్పి. నిద్ర లేదు."

"ఇంకో మూడు నెలలు ఓపిక పట్టమ్మా, ఒంటికి అలవాటవుతుంది. అయిదేళ్లు పనిచేసేది. అంత డబ్బు పెట్టి వేయించుకుని ఇప్పుడు తీసేయమంటే ఎలా? ఇంతకీ మీవారిని అడిగారా?"

అది నా మూడో రాక. నెలసరిలో విపరీతంగా రక్తం పోతోందని గర్భసంచిలో హార్మోన్ లూప్ వేయించుకున్నాను. నా ఇష్టంతోనే వేయించుకున్నాను, చదివి, ఆలోచించి. వేసేటప్పుడు మావారిని అడిగావా అని ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న తీయమన్నప్పుడే వచ్చింది. మొదటిసారి వెళితే ఐరన్ మాత్రలు రాసి పంపారు. రెండోసారి, ఇంటర్నెట్‌లో ఏవేవో చదివి భయపడుతున్నావన్నారు. మూడోసారి, తీసేదాకా బల్ల దిగనని భీష్మించుకున్నాను. తీయడానికి పట్టింది ఒక్క నిమిషం. ఆ నిమిషం కోసం నాకు ఆరు నెలలు పట్టింది.

సాహిత్యంలో డాక్టరేట్ చేసి, 'దేహం - అధికారం' అని సెమినార్లలో పేపర్లు చదివే నాకే మూడు రాకలు పట్టింది. రోజు కూలి పోగొట్టుకుని, చంకలో బిడ్డతో, రెండు బస్సులు మారి వచ్చే మనిషికి ఎన్ని పడతాయి? ఆమె రెండోసారి వస్తుందా అసలు?

ఇంతకంటే ఘోరం మా వదినది. రెండో కాన్పు అయిన రోజే ఆమెకు కాపర్-టీ వేశారు. ఆ సంగతి ఆమెకి తెలియదు. నడుం నొప్పి, తెల్లబట్ట అని నాలుగేళ్లు తిరిగింది. చివరికి ఒక స్కానింగ్ సెంటర్‌లో, "లూపుంది కదమ్మా లోపల" అని ఎవరో యథాలాపంగా అన్నారు. "నా కడుపులో ఏముందో నాకు తప్ప అందరికీ తెలుసు" అంది వదిన. నేను చదివిన స్త్రీవాద సిద్ధాంత గ్రంథాల్లో ఇంత సూటి వాక్యం ఎక్కడా తగల్లేదు నాకు.

ఈ రెండు అనుభవాలూ మనసులో పెట్టుకునే నేను ఈ మధ్య ఒక సదస్సుకి వెళ్లాను. స్త్రీల ఆరోగ్యంలో కొత్త ఆవిష్కరణల గురించి. తెర మీద అందమైన బొమ్మలు. చర్మం కింద పెట్టే కడ్డీలు, గర్భసంచిలో పెట్టే పరికరాలు, శరీరం లోపల్నించి ఫోన్‌కి సమాచారం పంపే చిప్‌లు. వక్తల్లో ఒకాయన ఒక మాట పదేపదే వాడారు: 'యూజర్ ఇండిపెండెంట్'. అంటే వాడే మనిషి ప్రమేయం అక్కర్లేనిది. మాత్ర అయితే మర్చిపోతుంది, కండోమ్ అయితే మొగుడు ఒప్పుకోడు. ఇదయితే పెట్టి పంపిస్తే చాలు, ఇక ఆమె చేసేదేమీ ఉండదు. ఇదే దాని గొప్పతనమట. సభలో చప్పట్లు కొట్టారు. మనవాళ్లూ కొట్టారు.

నా పని వాచకాలు చదవడం. ఈ మాటనీ అలాగే చదువుదాం. వాక్యంలో కర్త ఎవరు? పెట్టేవాళ్లు. కర్మ ఎవరు? ఆమె శరీరం. ఆమె ఎక్కడ? ఆ వాక్యంలో ఎక్కడా లేదు. ఆమె లేకపోవడమే ఆ ఆవిష్కరణ సుగుణం! ఆమె మతిమరుపు, ఆమె భయం, ఆమె నిర్ణయం మార్చుకోవడం ఇవన్నీ 'లోపాలు'. ఆ లోపాలు లేని గర్భనిరోధం కావాలంటే ఆమె లేని గర్భనిరోధం కావాలి. వాడేవాళ్ల ప్రమేయం లేనిదంటే పెట్టేవాళ్ల మీద ఆధారపడినదని అర్థం. ఆ రెండో సగాన్ని తెర మీద వెయ్యరు.

* * *

ఈ మాటలు రాస్తే వెంటనే వచ్చే ఎత్తిపొడుపు నాకు తెలుసు: "మీ స్త్రీవాదులకి సైన్సంటే పడదు." అందుకని ముందే చెబుతున్నాను. మా అమ్మ ఇవాళ బతికి ఉన్నది ఛాతీలో ఉన్న పేస్‌మేకర్ వల్ల. గుండె ఆగి ఆగి కొట్టుకుంటూ రెండుసార్లు వంటింట్లో పడిపోయిన మనిషి, ఇప్పుడు నన్ను పేరుపెట్టి తిట్టేంత ఓపికతో ఉంది. ఆ చిన్న పెట్టెకి నేను రోజూ దణ్ణం పెడతాను.

దాని చరిత్ర కూడా చదివాను. పూర్తిగా ఒంటి లోపల అమర్చిన మొదటి పేస్‌మేకర్ 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో, స్టాక్‌హోమ్ దగ్గర కరోలిన్‌స్కాలో పెట్టారు. తయారుచేసిన ఇంజనీరు రూనే ఎల్మ్‌క్విస్ట్, అమర్చిన సర్జన్ ఓకే సెన్నింగ్, రోగి ఆర్నే లార్సన్. బూట్ పాలిష్ డబ్బాని అచ్చుగా వాడి పోతపోసిన యంత్రం అది. మొదటిది కొద్ది గంటలే పనిచేసింది. తర్వాత ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ వచ్చారు. లార్సన్ 86 ఏళ్లు బతికి 2001లో, గుండెతో సంబంధం లేని జబ్బుతో పోయాడు. ఈ ముగ్గురు మగవాళ్ల పేర్లూ పుస్తకాల్లో ఉంటాయి. నాలుగో పేరు ఎప్పుడోగాని కనిపించదు. ఎల్స్-మరీ లార్సన్, ఆర్నే భార్య. రోజూ ఎన్నోసార్లు స్పృహ తప్పే భర్తని ఆస్పత్రిలో ఉంచి, ఇంకా మనుషులకు పెట్టేందుకు సిద్ధంగా లేదని చెబుతున్న ఆ ఇద్దరి వెంటపడి, సతాయించి, ఒప్పించింది ఆమె. శరీరం లోపల పెట్టే యంత్రాల చరిత్ర మొదలయిందే ఒక స్త్రీ వినిపించుకోకుండా పట్టుబట్టడంతో. అంచేత ఈ చరిత్ర మనకి పరాయిది కాదు. అడగడానికి మనకు హక్కుంది.

ఇప్పుడు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టండి. పేస్‌మేకర్ పెట్టినప్పుడు అమ్మకి ఒక కార్డు ఇచ్చారు. దానిమీద ఆమె పేరు, యంత్రం మోడల్, సీరియల్ నంబరు, పెట్టిన తేదీ, డాక్టరు పేరు. ఏడాదికోసారి రమ్మని పిలుస్తారు, బ్యాటరీ చూస్తారు. అమ్మ దాన్ని పర్సులో, దేవుడి బొమ్మ వెనకాల దాచుకుంటుంది. మా వదినకి ఇచ్చిన కాగితం ఏది? డిశ్చార్జి కాగితాల్లో ఒక మూల, ఎవరూ విప్పి చెప్పని నాలుగు ఇంగ్లీషు పొడి అక్షరాలు. రెండూ ఒంట్లో పెట్టిన పరికరాలే. ఒకటి ఆ మనిషి ప్రాణం కోసం పెట్టింది, రెండోది జనాభా లెక్క కోసం పెట్టింది. మొదటిదానికి రోగి ఉంది. రెండోదానికి 'కేసు' ఉంది.

కాబట్టి నా తగాదా యంత్రంతో కాదు. యంత్రాన్ని ఎవరి పేరు మీద రాసుకుంటున్నారన్నదే నా తగాదా.

* * *

డాల్కన్ షీల్డ్ కథ మన తరం వాళ్లకి పెద్దగా తెలియదు. అమెరికాలో 1971లో ఏ.హెచ్. రాబిన్స్ అనే కంపెనీ పెద్దఎత్తున అమ్మకానికి పెట్టిన గర్భాశయ పరికరం అది. దాన్ని రూపొందించినవారిలో ఒకరైన హ్యూ డేవిస్ అనే డాక్టరు, అది విఫలమయ్యేది 1.1 శాతమేనని మెడికల్ పత్రికలో రాశాడు. దాని అమ్మకాల్లో తనకి వాటా ఉన్న సంగతి రాయలేదు. ఆ పరికరం తోక ఒకే పోగు కాదు, అనేక సన్నని పోగుల కట్ట. దీపం వత్తి నూనెని పీల్చినట్టు అది క్రిముల్ని పైకి, గర్భసంచిలోకి పీల్చింది. ఇన్‌ఫెక్షన్లు, విషపూరితమైన గర్భస్రావాలు, గొడ్రాలితనం, మరణాలు. 1974లో అమెరికాలో అమ్మకం ఆపారు. ఈలోపు అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ ద్వారా, శుద్ధి చేయని సరుకు చౌకగా పేద దేశాలకీ చేరింది.

ఇక్కడ రెండు తేదీలు గుర్తుపెట్టుకోండి. అమ్మడం ఆపింది 1974లో. ఇంకా ఒంట్లో ఉన్నవాళ్లు తీయించుకోండి, ఖర్చు మేం భరిస్తామని కంపెనీ ఊరూవాడా ప్రకటించింది 1984లో. మధ్యలో పదేళ్లు. కొత్తగా పెట్టడం తప్పని ఒప్పుకున్నాక కూడా, పెట్టినదాన్ని తీయడానికి పదేళ్లు!

ఆ గొడవ ఫలితంగానే 1976లో అమెరికా వైద్య పరికరాల మీద చట్టం తెచ్చింది. కానీ అందులో ఒక దొడ్డిదారి ఉంచింది. కొత్త పరికరం, ఇదివరకే బజారులో ఉన్న ఒకదానితో 'పోలి ఉంది' అని చూపిస్తే చాలు, మనుషుల మీద విడిగా పరీక్షలు లేకుండానే చాలావాటికి దారి దొరుకుతుంది. అలంకార శాస్త్రం చదువుకున్నదాన్ని, నాకు ఇది చూస్తే నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. ఇది ఉపమాలంకారం! ముఖం చంద్రుడిలా ఉందంటే కావ్యంలో అందం. ఈ వల ఆ వలలా ఉందంటే ఆడదాని ఒంట్లో ఏమవుతుంది?

ఏమయిందో చూశాం. కాన్పుల తర్వాత మూత్రం ఆపుకోలేకపోవడానికి, గర్భసంచి జారడానికి యోనిమార్గం గుండా ప్లాస్టిక్ వలలు పెట్టడం తొంభైల చివర్లో మొదలైంది. ప్రొటెజెన్ అనే వలని పోలి ఉందని చెప్పి మరో కంపెనీ వలకి అనుమతి వచ్చింది. 1999లో ప్రొటెజెన్‌ని హాని చేస్తోందని వెనక్కి తీసుకున్నారు. దాన్ని పోలిందని వచ్చిన వలలు మాత్రం అమ్ముడవుతూనే ఉన్నాయి. ఉపమానం చచ్చిపోయింది, ఉపమేయం బజారులో తిరుగుతోంది! జెట్ స్కౌటెన్ అనే నెదర్లాండ్స్ జర్నలిస్టు, యూరప్‌లో ఈ అనుమతులు ఎలా ఇస్తారో తేల్చడానికి కమలాపళ్లు అమ్మే వలసంచిని యోనిలో పెట్టే వల అని కాగితాలు తయారుచేసి పట్టుకెళ్లింది. అనుమతి వచ్చే అవకాశం ఉందన్నట్టే మాట్లాడారు వాళ్లు. ప్రపంచవ్యాప్తంగా జర్నలిస్టులు కలిసి 2018లో 'ఇంప్లాంట్ ఫైల్స్' పేరుతో బయటపెట్టిన పరిశోధనకి ఈ పళ్ల సంచే బీజం.

ఆ వలలు ఒంట్లో కండతో కలిసిపోయేలా తయారుచేసినవి. కలిసిపోవడమే వాటి పని. అంచేత తీయాలంటే కాంక్రీటులోంచి ఇనుప చువ్వ లాగినట్టే. నొప్పి అని వచ్చిన స్త్రీలకి డాక్టర్లు ఏం చెప్పారో బ్రిటన్‌లో జూలియా కంబర్లెజ్ అధ్యక్షతన 2020లో వచ్చిన సమీక్షలో ఉంది. వందలమంది స్త్రీల మాటలు విని రాసిన నివేదిక అది. మీ ఊహే అన్నారు, వయసన్నారు, మెనోపాజ్ అన్నారు. వినలేదు. అమెరికాలో గర్భసంచి జారడానికి యోనిమార్గం గుండా వాడే వలల అమ్మకాన్ని 2019 ఏప్రిల్‌లో ఆపించారు. అప్పటికి ఇరవై ఏళ్లు గడిచాయి.

పరాయి దేశాల సంగతి మనకెందుకు అనేవాళ్లకి: డీపూ కంపెనీ లోహపు తుంటి కీళ్లని 2010లో ప్రపంచమంతా వెనక్కి తీసుకుంది. మన దేశంలో సుమారు 4,700 శస్త్రచికిత్సల్లో వాటిని వాడారు. నష్టపరిహారం లెక్క తేలింది 2018లో. అప్పటికి ఆ మనుషుల్లో ఎక్కువమంది ఆచూకీయే దొరకలేదు. కీలుకి సీరియల్ నంబరుంది, మనిషికి చిరునామా లేదు. మన దేశంలో వైద్య పరికరాలకి ప్రత్యేక నియమావళి వచ్చింది 2017లో. అన్ని పరికరాలనీ ఔషధాల నిర్వచనంలోకి తెచ్చింది 2020 ఏప్రిల్ 1 నుంచి. పరికరాల వల్ల కలిగే హానిని నమోదుచేసే జాతీయ కార్యక్రమం 2015లో మొదలైంది. మీకు తెలిసిన ఎంతమంది ఆడవాళ్లు ఆ కార్యక్రమం పేరు విన్నారు? మీరు విన్నారా?

* * *

ఇక నార్‌ప్లాంట్. చేతి చర్మం కింద పెట్టే ఆరు మెత్తని సిలికాన్ గొట్టాలు, అయిదేళ్లు పనిచేసే హార్మోన్. 1983లో ఫిన్లాండ్‌లో, 1990 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. అమెరికాలో అనుమతి వచ్చిన రెండు రోజులకే ఫిలడెల్ఫియాలో ఒక పెద్ద పత్రిక, పేదరికం తగ్గించడానికి దీన్ని వాడొచ్చునని సంపాదకీయం రాసింది. పేదరికమంటే అక్కడ నల్లజాతి స్త్రీలని అర్థం. గొడవయ్యాక క్షమాపణ చెప్పింది. 1991లో కాలిఫోర్నియాలో ఒక జడ్జి, జైలు తగ్గాలంటే నార్‌ప్లాంట్ పెట్టించుకోవాలని ఒక నల్లజాతి తల్లికి షరతు పెట్టాడు. పెట్టడానికి ప్రభుత్వ డబ్బు ఇచ్చిన కొన్ని రాష్ట్రాలు, గడువుకు ముందే తీయడానికి మాత్రం ఇవ్వలేదని డొరొతీ రాబర్ట్స్ 1997లో తన పుస్తకంలో వివరంగా రాసింది. బంగ్లాదేశ్‌లో జరిగిన ప్రయోగాల్లో, ఒంట్లో బాగాలేదు తీసెయ్యండని బతిమాలిన ఆడవాళ్ల కథలు తర్వాత బయటికొచ్చాయి. దాన్ని రూపొందించిన శాస్త్రవేత్త షెల్డన్ సీగల్, బలవంతంగా వాడటానికి కాదు నేనిది చేసిందని బహిరంగంగా మొత్తుకున్నాడు. వినేవాళ్లెవరు? వాడేవాళ్ల ప్రమేయం అక్కర్లేని వస్తువు తయారుచేశాక, కనిపెట్టినవాడి ప్రమేయం మాత్రం ఎవరిక్కావాలి?

మన గడ్డ మీద కథ నేను పుట్టకముందుది. 1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి ఆడవాళ్లని పోగుచేశారు. అది ప్రయోగమని వాళ్లకి తెలియదు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు అక్కడికి వెళ్లి, ఇదీ సంగతి అని చెబితే చాలామంది లేచి వెళ్లిపోయారు. 1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీ సహేలీ తదితర సంఘాలు సుప్రీంకోర్టుకెక్కాయి. ఆ ఇంజెక్షన్ మీద అభ్యంతరాల్లో ముఖ్యమైనది ఏమిటో గమనించండి. మాత్రయితే రేపట్నించి మానేయొచ్చు. ఒకసారి సూది గుచ్చాక, రెండు నెలలు ఆ మందు ఒంట్లోనే ఉంటుంది. తీయడానికి వీల్లేదు. తీయలేనిదాన్ని చెప్పకుండా పెట్టడం నేరం. నలభై ఏళ్ల కిందట మన అక్కలు ఇంత స్పష్టంగా చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. స్త్రీల ఆరోగ్యం మీద 'సవాలక్ష సందేహాలు' అని, మామూలు తెలుగులో, బొమ్మలతో, ఏ ఊళ్లోనైనా చదివించుకోగల పుస్తకం తెచ్చారు. మా అమ్మ పెట్టెలో అట్ట చిరిగిన ప్రతి ఒకటి ఇప్పటికీ ఉంది.

ఇక్కడ మనమీద వచ్చే అసలైన విమర్శకి జవాబు చెప్పాలి. తప్పించుకోకూడదు. "మీరు ఇంజెక్షన్లు ఆపారు, ఇంప్లాంట్లు ఆపారు. దానివల్ల మన ఆడవాళ్లకి మిగిలిందేమిటి? పిల్లల ఆపరేషన్ ఒక్కటే" అంటారు. ఇది ఊరికే కొట్టిపారేసే మాట కాదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్లు ఒక శాతం కూడా లేవు. ఇరవై మూడేళ్లకి ఇద్దరు పిల్లలు, ఆపరేషన్, నలభై నిండకుండా గర్భసంచి తీసివేత. ఇదీ మన ఊళ్లలో ఆడదాని జీవితం. ఆపరేషన్‌కంటే తీయలేనిది ఇంకేముంది? ఇంజెక్షన్ మీద చేసినంత గట్టి గొడవ దానిమీద మనం చేశామా? చేయలేదు. అది మన తప్పే, ఒప్పుకుంటున్నాను.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. నా దగ్గర చదివిన ఒక అమ్మాయి పెళ్లయిన ఏడాదికి వచ్చి, "మేడం, ఇంట్లో ఎవరికీ కనపడనిది, నా చేతిలో ఉండేది ఏదైనా ఉందా?" అని అడిగింది. మాత్రల పట్టీ అత్తగారి కంట పడితే రభస. ఆ అమ్మాయికి చర్మం కింది కడ్డీ స్వేచ్ఛే. ఆమెకి అది వద్దనడానికి నేనెవరిని?

కానీ ఆ అమ్మాయి మాటని జాగ్రత్తగా వినండి. 'నా చేతిలో ఉండేది' అంది. సదస్సులో ఆయన అన్నది దానికి సరిగ్గా ఎదురు. ఒకే వస్తువు ఇద్దరి నోట్లో రెండు వస్తువులవుతుంది. ఏది ఏదో తేల్చేది ఒక్కటే: ఆమె ఎప్పుడడిగితే అప్పుడు, కారణం అడక్కుండా, మొగుణ్ణి పిలవకుండా, డబ్బు తీసుకోకుండా తీస్తారా? తీస్తే అది ఆమెది. తీయకపోతే అది ఆమెలో ఉన్న వాళ్లది.

ఇది గతం గురించిన తగాదా కాదు. 2017లో మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ 'అంతర' పేరుతో ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది. 2023లో ఎంపిక చేసిన రాష్ట్రాల్లో, జిల్లాల్లో ఒక కడ్డీ ఇంప్లాంట్ మొదలుపెట్టారు. నాలుగు సెంటీమీటర్ల పొడవు, అగ్గిపుల్లంత మందం, మూడేళ్లు పనిచేస్తుంది. గర్భం ఆపడంలో ఇది చాలా గట్టిదని శాస్త్రం చెబుతోంది, నేను కాదనను. పెట్టడం సూది గుచ్చినంత తేలిక. తీయడానికి మాత్రం చర్మం కోయాలి, కడ్డీ ఎక్కడుందో తడిమి పట్టుకోవాలి, లోతుగా పోతే స్కానింగ్ కావాలి, చెయ్యి తిరిగినవాళ్లు కావాలి. పెట్టడం నేర్పిన ప్రతి చోటా తీయడం నేర్పారా? ఎన్ని పెట్టామన్న లెక్క పై అధికారికి వెళుతుంది. ఎంతమంది తీయమని వచ్చారు, ఎన్ని రోజులు తిప్పారు, ఎంతమందిని ఉత్త చేతులతో పంపారు అన్న లెక్క ఏ రిజిస్టర్‌లో ఉంది?

* * *

రాబోయేవాటి సంగతి ఒక్క మాటలో. కారెన్ శాండ్లర్ అనే అమెరికన్ న్యాయవాది ఛాతీలో గుండెకి షాక్ ఇచ్చే యంత్రం ఉంది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ నాకు చూపించండని కంపెనీని అడిగింది. చూపించలేదు. ఆమె గర్భవతి అయినప్పుడు, గర్భిణికి సహజంగా వచ్చే గుండెదడని ప్రమాదమనుకుని ఆ యంత్రం అనవసరంగా షాక్ కొట్టింది. గర్భిణి అనే మనిషి దాన్ని తయారుచేసినవాళ్ల ఊహలో లేదు. ఒంట్లో ఉన్నది ఆమెకి, ఒంట్లో ఉన్నదాని భాష కంపెనీకి. మా వదిన మాటే మళ్లీ: నా లోపల ఏముందో నాకు తప్ప అందరికీ తెలుసు. వదినకి అక్షరం రాదని దాటేశారు. శాండ్లర్‌కి చదువుండీ అదే గతి. కాబట్టి ఇది ఆడవాళ్ల అజ్ఞానం సమస్య కాదు.

నేను పెద్ద కోరికలు కోరటం లేదు. ఒంట్లో ఏది పెట్టినా, దాని పేరు, నంబరు, తేదీ, ఎప్పుడు ఎక్కడ తీయించుకోవచ్చో ఉన్న కార్డు ఆమె చేతికి ఇవ్వండి, తెలుగులో. తెలుగంటే నేను ఒక ఆస్పత్రిలో చూసిన కరపత్రంలాంటి తెలుగు కాదు. నిఘంటువు పక్కన పెట్టుకుని రాసిన ఆ సమాసాలు సాహిత్యంలో డాక్టరేట్ ఉన్న నాకే అర్థం కాలేదు. వదినకి అర్థమయ్యే తెలుగు. తీయడం రానివాళ్ల చేత పెట్టించొద్దు. కాన్పు నొప్పుల్లో వేయించిన వేలిముద్రని అంగీకారం అనకండి. పెట్టిన లెక్కతో పాటు తీసిన లెక్క కూడా ప్రకటించండి.

మిగిలింది మన పని. దేహం గురించి ఇరవై, ముప్ఫై ఏళ్లుగా రాస్తున్నాం. చూపు గురించి, కోరిక గురించి, నెత్తుటి గురించి రాశాం. కానీ కాపర్-టీ మన కథల్లో ఎక్కడ? తెలియకుండా వేసిన లూపు, తీయమంటే తీయని డాక్టరమ్మ, తెల్లారి బస్సుకి వచ్చి సాయంత్రం ఉత్త చేతులతో తిరిగిపోయిన మనిషి మన కవిత్వంలో ఎక్కడ? స్త్రీ శరీరాన్ని వాచకమంటూ సిద్ధాంత వ్యాసాలు రాశాం. ఆ శరీరంలో పరాయివాళ్లు రాసి పెట్టినదాన్ని మనం చదవలేదు. ఆ సదస్సులో చప్పట్లు కొట్టిన చేతుల్లో ముందు వరసలో నా చేతులూ ఉన్నాయని ఇప్పుడైనా చెప్పుకోవాలి. అలవాటుగా కొట్టాను. ఇంటికెళ్లి సిగ్గుపడ్డాను.

వదిన లూపు తీయించుకోవడానికి నేను తోడు వెళ్లాను. తీసిన సిస్టర్ దాన్ని చెత్తబుట్టలో వేయబోతుంటే వదిన ఆపింది. "ఆగమ్మా, చూడనీ" అంది. కాగితం మీద పెట్టి చూపించారు. తెల్లటి చిన్న పుల్ల, దానికి చుట్టిన రాగి తీగ, ఒక దారం. వదిన చాలాసేపు చూసింది.

"ఇంతేనా? ఇది చెప్పడానికి నోరు రాలేదా వాళ్లకి?" అంది.